హక్కు ఎవరికి? దక్షిణ కొరియా చెప్పే సమాధానం

మానవహక్కులు బూర్జువా వర్గం వల్లించే నీతిపాఠాలనీ, ప్రజాఉద్యమానికి అవి అలంకారమే గాని ఆయుధం కాజాలవనీ మన మిత్రులలో కొందరి వాదన. దక్షిణ కొరియా చరిత్ర చదివిన నేను యీ వాదంతో ఏకీభవించలేను.

కాగితం మీది హక్కులను గురించి అయితే వారి సందేహం సబబే. ఐక్యరాజ్యసమితి 1948 డిసెంబరు 10న మానవహక్కుల ప్రకటన చేసింది. సరిగ్గా 9 రోజుల ముందు దక్షిణ కొరియాలో జాతీయ భద్రతా చట్టం వచ్చింది. 1953 నాటి కార్మిక ప్రమాణాల చట్టం పనిగంటలకు హద్దు గీసింది. సియోల్‌లోని ప్యోంఘ్వా బజారు కుట్టు కార్ఖానాలలో మాత్రం బాలికలు రోజుకు 14 గంటలు నడుము వంచి పనిచేశారు. అక్కడ గుడ్డ కత్తిరించే జియోన్ తే-ఇల్ ఆ చట్టాన్ని స్వయంగా చదివాడు, అర్జీలు పెట్టాడు. ఫలితం లేక 1970 నవంబరు 13న చట్టం పుస్తకంతో సహా తనకు తాను నిప్పంటించుకున్నాడు. అప్పటికి అతనికి 22 ఏళ్లు. విద్యార్థులూ మేధావులూ కార్మికవాడ దారి పట్టింది ఆ తరువాతనే.

అయినా అసలు పరీక్ష ఇంకా మిగిలే వున్నది. 1974లో పార్క్ చుంగ్ హీ ప్రభుత్వం, ప్రజావిప్లవ పార్టీని పునర్నిర్మిస్తున్నారన్న నేరం మోపి కొందరిని నిర్బంధించింది. కమ్యూనిస్టు ముద్ర పడినవారి పక్షాన నిలవడానికి ప్రతిపక్షంలోనే పలువురు జంకారు. వారి కోసం బహిరంగంగా ప్రార్థించిన అమెరికన్ మతబోధకుడు జార్జ్ ఓగిల్‌ను ఆ డిసెంబరులోనే దేశం నుంచి వెళ్లగొట్టారు. 1975 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు మరణశిక్షలు ఖాయం చేసింది. మర్నాడు తెల్లవారేసరికి 8 మందినీ ఉరితీశారు. వారు నిర్దోషులని 2007లో పునర్విచారణ తేల్చింది!

ఆ భయాన్ని జయించినవారు తల్లులు. రాజకీయఖైదీల కుటుంబాలు 1985లో మిన్‌గాహ్యప్ అనే సంఘం పెట్టుకున్నాయి. తమ బిడ్డల కోసం బయలుదేరిన ఆ తల్లులే, నమ్మిన సిద్ధాంతాన్ని విడవనందుకు దశాబ్దాలుగా చెరలో మగ్గుతున్న వృద్ధుల కోసం కూడా వీధికెక్కారు. 1999లో విడుదలయిన అట్టివారిలో ఒకరు 40 ఏళ్లకు పైగా జైలులో వున్నవాడు.

హక్కుల మాట ఆయుధం కాదన్నవారిని నేనొకటి అడుగుతాను. 1987 జనవరిలో పార్క్ జోంగ్-చోల్ అనే విద్యార్థి పోలీసు చిత్రహింసలో చనిపోయాడు. ఆ నిజం బయటపడి రగిలిన ఆగ్రహం కాదా, జూన్‌లో లక్షల జనాన్ని వీధులలోకి తెచ్చి అధ్యక్షుని ప్రత్యక్ష ఎన్నికకు సైనికపాలకులను ఒప్పించింది?

మనవాడు అరెస్టయిన నాడు మాత్రమే హక్కులు గుర్తుకు వచ్చే మిత్రులు ఆ తల్లుల దగ్గర పాఠం చెప్పించుకోవాలి. మనతో ఏకీభవించని మనిషి కోసం అడిగిననాడే హక్కు హక్కవుతుంది. అంతవరకూ అది పక్షపాతమే. 1948 నాటి ఆ భద్రతా చట్టం కొరియాలో నేటికీ రద్దు కాలేదు. అక్కడి పోరాటమూ ఆగలేదు.