మందిరానికి కానుక, కూలికి ఎగవేత

మధ్యయుగాల ఇటలీలో, 1331 నుంచి ఫ్లోరెన్స్ మహాదేవాలయ నిర్మాణ బాధ్యత ఉన్ని వర్తకుల సంఘానిది. దేవుని మందిరం కట్టించిన ఆ యజమానులే, ఉన్ని ఏకే కూలీలకు సంఘం పెట్టుకునే హక్కు లేదన్నారు. 1378లో కూలీలు తిరగబడి సంఘం సాధించుకున్నారు. కొన్ని వారాలకే దాన్ని రద్దు చేశారు.

షోలాపూర్ నేతవాడల్లో, తెలంగాణ నుంచి వలసొచ్చిన మనవాళ్ళు మరమగ్గాలపై దుప్పట్లు, తువ్వాళ్ళు నేస్తున్నారు. ఆడవాళ్ళు బీడీలు చుడుతున్నారు. కుంభారిలో బీడీ కార్మికులకు వేల ఇళ్ళు దక్కింది ఎవరి దయవల్లా కాదు, సంఘంగా నిలబడి పోరాడినందువల్ల.

బిగబట్టిన కూలి దేవునికి మొరపెడుతుందని మేము నమ్ముతాం. పండక్కి చందా ఇచ్చి పి.ఎఫ్. ఎగ్గొట్టడం భక్తి కాదు. ఆ చందా పుచ్చుకొని నోరు మెదపని చర్చి క్రీస్తుది కాదు.