నేరం పులి మీదికి నెట్టిన సినిమా

మొన్న గోదావరిఖనిల అందరం కూసొని వంశీ తీసిన ‘అన్వేషణ’ (1985) మళ్లా చూసినం. తలకోన అడవి, ఇళయరాజా సంగీతం ఇప్పటికీ భయపెడతయి. కానీ ఒక్క మాట మాకు గుచ్చుకుంది. అడవిల వరుసగా మనుషులు చస్తుంటే నేరమంతా పులి మీదికి నెడతరు. పక్షుల పాట మీద పరిశోధనకని వచ్చిన భానుప్రియ ఆ గుట్టుల చిక్కుకుంటది. తలకోన దిక్కు బతికే యానాది పెద్దను ఒక్కరిని అడిగితే? అడుగుజాడ చూసి పులా, మనిషా చెప్పకపోవునా? ఇయ్యాల ప్రాణహిత దాటి కాగజ్‌నగర్ అడవులకు పులి వస్తే జాడ తీసేటోళ్లల్ల మన ఆదివాసీ పిలగాండ్లు ఉన్నరు. తెర మీద మాత్రం అడవి తెలివి ఎవ్వరికీ యాదికి రాదు. ఇగ అడవిల నేరం కథ మనమే రాయాలె. మీరేమంటరు?