తొలి కాన్పు: ఆసుపత్రిని ఎవరు ఎంచుకోవాలి?

మా జహనుమా గల్లీలలో ఒక ఇంటి కోడలు తొలిసారి గర్భం ధరించిందని తెలియగానే వినిపించే మొదటి మాట ‘ముబారక్’. రెండవ మాట ‘ఎక్కడ చూపిస్తున్నారు?’ దానికి అత్తగారు ఒక పేరు చెబుతారు, ఆడబిడ్డ మరో పేరు చెబుతుంది, పొరుగింటి ఖాలా తన కోడలికి కాన్పు జరిగిన నర్సింగ్ హోమ్‌ను సిఫారసు చేస్తుంది. గర్భిణి మాత్రం అందరికీ చాయ్ అందించి, మౌనంగా వింటూ కూర్చుంటుంది.

కొద్ది రోజుల క్రితం నా పూర్వ విద్యార్థి ఒకడు అస్ర్ నమాజు తర్వాత వచ్చి, “మౌలానా, మగ డాక్టరు చేత కాన్పు చేయించడం ధర్మసమ్మతమేనా?” అని అడిగాడు. తొలి సంతానం కోసం ఎదురుచూస్తున్న యువకుడు. ఈ విషయంలో ధర్మవేత్తల మాట స్పష్టంగానే ఉంది. సమర్థురాలైన వైద్యురాలు లభిస్తే ఆమెకే ప్రాధాన్యం. లభించనప్పుడు పురుష వైద్యుడు చూడవచ్చు. అయితే అవసరమైనంత మేరకే, అవసరమైనంత సేపే. గదిలో మరొకరు ఉండాలి. ప్రాణరక్షణ షరీఅత్ మౌలిక లక్ష్యాలలో ఒకటి. పర్దా పేరిట ప్రాణాన్ని పణంగా పెట్టమని ఏ ఆలిమ్ కూడా చెప్పడు.

ఇంత చెప్పి, “మరి నీ భార్య ఏమంటోంది?” అని అడిగాను. అతడు తల దించుకున్నాడు. ఆమెను ఎవరూ అడగలేదట.

కాన్పు ఆమెది. నొప్పి ఆమెది. ఏ వైద్యురాలి ముందు తాను భయం లేకుండా మాట్లాడగలదో చెప్పగలిగేది ఆమె ఒక్కతే. కనుక మూడవ, నాలుగవ నెలలోనే భర్త ఆమెను వెంటబెట్టుకుని ఒకటి రెండు చోట్లకు వెళ్ళి చూసి రావాలి.

ఇక అడగవలసిన ప్రశ్నల సంగతి. బోర్డు మీద లేడీ డాక్టర్ పేరుంటే చాలునని మనవారు సంతృప్తి పడతారు. ఆ డాక్టరు సాయంత్రం రెండు గంటలు కూర్చుని వెళ్ళిపోవచ్చు. నొప్పులు సాయంత్రం చూసుకుని రావు. రాత్రి రెండు గంటలకు అక్కడ ఎవరుంటారు? మత్తు డాక్టరు ఆసుపత్రిలోనే ఉంటారా, ఫోన్ చేస్తే వస్తారా, రావడానికి ఎంతసేపు పడుతుంది? రక్తం ఎక్కడి నుండి తెస్తారు? బిడ్డ ఏడవకపోతే చూసే పిల్లల వైద్యుడు ఎవరు? పరిస్థితి చేయి దాటితే ఏ పెద్దాసుపత్రికి, ఏ వాహనంలో పంపుతారు? ఈ ప్రశ్నలకు విసుక్కునే చోటుకు రెండోసారి వెళ్ళనక్కరలేదు.

“మేమంతా ఇంట్లో దాయి చేతుల మీదుగానే పుట్టాం, ఏమైంది?” అని ముసలమ్మలు అంటారు. బ్రతికి బట్టకట్టినవారే ఆ మాట అనగలరు. తక్కినవారు ఖబరస్తాన్‌లో ఉన్నారు. రాజప్రాసాదంలో ఊడిగం చేసే స్త్రీకి కూడా ఆనాడు రక్షణ లేదు. ఏడవ నిజాం రెండవ కోడలు నీలోఫర్, తన ప్రియమైన పరిచారిక ప్రసవంలో మరణించడంతో చలించిపోయి మామగారిని ఆసుపత్రి కట్టించమని కోరింది. రెడ్‌హిల్స్‌లో 1953లో ప్రారంభమైన నీలోఫర్ ఆసుపత్రి వెనుక ఉన్న కథ ఇదే. సంతానం లేని ఆ రాణి పేరు నేడు నగరంలోని ప్రతి తల్లి నోట ఉంది.

పాతబస్తీవాసులకు పేట్లబురుజు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి పెద్ద ఆధారం. రద్దీ ఉంటుంది, వరుసలో నిలబడాలి, ఒక్కోసారి కసురుమాటలూ పడాలి. కానీ కష్టమైన కాన్పులను రాత్రింబవళ్ళు చూసి చూసి ఆరితేరిన చేతులు అక్కడ ఉంటాయి. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో గర్భిణులకు ఉచితంగా ప్రత్యేక పరీక్షలు జరుగుతాయని మన గల్లీలలో ఇప్పటికీ చాలామందికి తెలియదు. బస్తీ ఆశా కార్యకర్తను అడిగితే చెబుతుంది.

సిజేరియన్ విషయం కూడా ముందే మాట్లాడుకోవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు ఆపరేషన్ ద్వారానే జరిగాయి. ప్రైవేటు ఆసుపత్రులలో అది 81.5, ప్రభుత్వ ఆసుపత్రులలో 44.5. మన స్త్రీల శరీరాలు ఇంతగా మారిపోయాయంటే నేను నమ్మను. కనుక, “మీ వద్ద తొలి కాన్పులలో ఎన్ని సహజంగా జరుగుతాయి?” అని అడగడం అమర్యాద కాదు. అలాగని నిజంగా అవసరమై డాక్టరు ఆపరేషన్ అన్నప్పుడు, సౌదీలో ఉన్న భర్త ఫోన్ ఎత్తేవరకు ఆగుదామనే ఇళ్ళనూ చూశాను. వయసు వచ్చిన స్త్రీ శరీరానికి సంబంధించిన సమ్మతి చట్టం దృష్టిలో ఆమెదే. సంతకం ఆమె చేస్తే చాలు. భర్తకు తర్వాత చెప్పవచ్చు.

ఖుర్ఆన్‌లో హజ్రత్ మర్యమ్ (అలైహిస్సలామ్) ప్రసవవేదనతో ఖర్జూర చెట్టు మొదలును ఆశ్రయించిన ఘట్టాన్ని గమనించండి. ఆమెకు ముందు అందినది ఓదార్పు. ఆ తర్వాతే నీరు, ఆ తర్వాత ఖర్జూరాలు. ప్రసవ సమయంలో స్త్రీకి తాను కోరుకున్న తోడు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సిఫారసు చేస్తోంది. తల్లినో, అక్కనో కాన్పు గదిలోకి అనుమతిస్తారా అని ముందే అడగండి.

మన ఆచారంలో మరొక చిక్కు ఉంది. ఏడవ నెలలో సత్వాసా వేడుక చేసి, తొలి కాన్పుకు అమ్మాయిని పుట్టింటికి పంపుతాం. వేడుక మంచిదే. కానీ ఆరు నెలలు చూసిన డాక్టరు ఇక్కడ, కాన్పు చేసేవారు మహబూబ్‌నగర్‌లోనో జహీరాబాద్‌లోనో! బి.పి. పెరుగుతూ వచ్చిందన్న సంగతి, రక్తం తక్కువన్న సంగతి కొత్తవారికి ఎలా తెలుస్తుంది? కాన్పు ఎక్కడో మొదటి నెలల్లోనే నిర్ణయించుకుని, అక్కడి వైద్యురాలికి కూడా ఒకసారి చూపించి రావడం మేలు. తీవ్రమైన తలనొప్పి, కళ్ళు మసకబారడం, రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలికలు తగ్గడం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకూడదు.

జహనుమాలోనే కాన్పు జరగవలసి ఉంటే దారి కూడా చూసుకోండి. రంజాన్ చివరి రోజులలో చార్మినార్ మీదుగా పేట్లబురుజుకు రాత్రివేళ వెళ్ళడం ఎంత కష్టమో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. బహదూర్‌పురా వైపు నుండి వెళ్ళే దారిని భర్త ఒకసారి బండి మీద వెళ్ళి చూసి రావాలి. 108 నంబరు ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. తల్లీబిడ్డల కార్డు, స్కాన్ కాగితాలు, రక్తపు గ్రూపు చీటీ ఒకే సంచిలో పెట్టి తలుపు పక్కన కొక్కేనికి తగిలించండి. పుట్టింటికి వెళ్ళే రోజున సత్వాసా చీరలకంటే ముందు ఆ సంచి ఆటోలోకి ఎక్కాలి.