అప్పు ఆమె పేర, భూమి ఆయన పేర

విపత్తు స్త్రీపురుష భేద మెరుగదని లోకమున నొక మాట కలదు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెన విషయమున ఈ మాట చెల్లవచ్చును. కాని ఉప్పెన తీసిన పిమ్మట వచ్చు ప్రభుత్వము విషయమున చెల్లదు. నీరు ఎవరి పేరు నడుగదు, అధికారి అడుగును. అడిగి, పుస్తకము విప్పి, అందు పేరు లేనివారిని దాటిపోవును. కావున ఆపత్కాలమున స్త్రీ ఆర్థికస్థితి యెట్లుండునో రాజ్యము తన పుస్తకములలో ముందుగనే వ్రాసి యుంచుచున్నదని నా వాదము.

పామర్రు ప్రాంతపు మాగాణి నొకసారి చూడుడు. కృష్ణ కాలువల నీటితో పండు ఈ నేలలో ఊడ్పులు, కలుపుతీత చిరకాలముగా ఆడువారి చేతిపనులు. కార్తికమాసపు తుపానులో కోసిన పనలు నానినచో, వానిని గట్టునకు మోయువారిలో వారును ఉందురు. ఇంత చేసినను పాసుపుస్తకముపై నుండు పేరు చాలవరకు పురుషునిదే. గ్రామపు అడంగలులో పట్టాదారున కొక గడియు, అనుభవదారున కొక గడియు కలవు. ఆ రెంటిలోను ఆమె అరుదుగా కనబడును. కౌలు పురుషుల నడుమ జరుగు నోటిమాట. 2019 నాటి సాగుదారుల హక్కుల చట్టము కౌలు పత్రమునకు భూస్వామి సంతకము కోరెను. భూమి చేజారునను భయమున సంతకమునకు వెనుదీయు భూస్వాములు కలరు. కౌలు రైతునకే దుర్లభమైన పత్రము అతని వితంతువునకు ఎట్లు లభించును?

దీనిని విధివ్రాత యని సరిపెట్టుకొనరాదు. ఇది శాసనకర్తల వ్రాత. 1937లో హిందూ స్త్రీల ఆస్తిహక్కు చట్టము వితంతువునకు భాగ మిచ్చెను. 1941లో ఫెడరల్ న్యాయస్థానము ఆ చట్టము వ్యవసాయభూములకు వర్తింపదని తేల్చెను. భూమియే సర్వస్వమైన సీమలో భూమిని విడిచిన హక్కు ఏపాటిది? 1956 నాటి చట్టము తండ్రి స్వార్జితమున కుమార్తెకు సమభాగ మిచ్చెను గాని, ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చు హక్కును కుమారులకే విడిచెను. ఈ కొరతను మన రాష్ట్రమున తీర్చబూనినది పామర్రు మండలములోని నిమ్మకూరున జన్మించిన నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము. 1986లో చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుండి అమలునకు వచ్చెను. అయితే అప్పటికే వివాహమైన కుమార్తెలను అది వెలుపలనే నిలిపెను. వివాహితలకు సహితము దేశమంతట ఈ హక్కు 2005లో గాని రాలేదు.

చట్టము తలుపు తీసినది. తీసిన తలుపున స్త్రీని లోనికి పిలువవలసిన ప్రభుత్వములు ఆమె చేతికి ఋణపత్ర మిచ్చినవి. డ్వాక్రా సంఘములు పొదుపు నేర్పినవి, ధైర్య మిచ్చినవి; ఆ మేలు మరువరాదు. కాని వాని వెనుక సూక్ష్మఋణ సంస్థలు వచ్చి, వారము వారము వాయిదాలతో గడపగడపను పట్టుకొన్నవి. పంట పోయిన యేట ఇంటి ఖర్చునకు సంతకము పెట్టిన దెవరు? గృహిణి. ఒకతె కట్టలేనిచో పదిమందియెదుట సిగ్గుపడిన దెవరు? గృహిణియే. 2006 మార్చిలో కృష్ణాజిల్లా అధికారులు ఈ సంస్థల శాఖలను సుమారు 50 మూయించిరి. 2010 అక్టోబరులో రాష్ట్రమంతటికి ఆర్డినెన్సు వచ్చెను. రెండును అవసరమైన పనులే. ఆ ఆజ్ఞలు అప్పులవారి నాపినవి. ఆమె పేర ఒక సెంటు భూమిని మాత్రము వ్రాయలేదు. అప్పు ఆమె పేర, భూమి ఆయన పేర నుండు ఏర్పాటు చెక్కుచెదరక నిలిచినది.

ప్రభుత్వము సొమ్ము పంచుట లేదా యని కొందరందురు. పంచినది. 2019లో ఎన్నికలకు ముందు సంఘసభ్యురాండ్రకు “పసుపు–కుంకుమ” యను పేర 10,000 రూపాయలు వాయిదాలుగా నిచ్చిరి. 2020లో కరోనా నిర్బంధమున జనధన ఖాతాలుగల స్త్రీలకు మూడు నెలలు నెలకు 500 రూపాయలు వచ్చెను. పొయ్యి వెలుగని యింట ఆ సొమ్ము విలువను నేను కాదనను. కాని ఆ మొదటి పేరును పరిశీలింపుడు. పసుపుకుంకుమలకని పుట్టినింటివా రిచ్చునది కానుక. చీరయు సారెయు పెట్టి, హక్కు విడుదల దస్తావేజుపై ఆడపడుచుచేత సంతకము చేయించుకొను అన్నదమ్ములను మన మెరుగమా? రాజ్యమును ఆ అన్నగారి దారినే నడిచినచో ఆమె ఎవరితో చెప్పుకొనును? పసుపుకుంకుమలు తుడిచివేయబడిన వితంతువు చెవికి ఆ పేరెట్లు వినబడునో పెట్టినవారు తలచిరా? కానుక దాత మనసుపై నాధారపడును. వాటా అట్లుకాదు, దానిని న్యాయస్థానమున నిలబడి అడుగవచ్చును.

కావున మనము కోరవలసినవి స్పష్టములు. పాసుపుస్తకములందు భార్యాభర్తల యిరువురి పేరులు నుండవలెను. అడంగలు అనుభవదారు గడిలో సేద్యము చేయు స్త్రీ పేరు ఎక్కవలెను. పంటనష్టపు సొమ్ములో ఆమె భాగము ఆమె ఖాతాకే చేరవలెను. ఇవి కోరు ముందు, చదువరులారా, మన బీరువాలలోని దస్తావేజులను తీసి చూతము. అందు మన ఆడపడుచులచేత వ్రాయించుకొన్న విడుదలలు ఎన్ని కలవో లెక్కింతము. వారి వాటాను వారికి వ్రాసి యిచ్చుటకు ఏ ప్రభుత్వపు అనుమతియు అక్కరలేదు. మరల కార్తికము వచ్చును, గాలివానయు రావచ్చును. ఆలోపుననే ఈ పని జరుగవలెను.