వాయిదా తప్పిన రోజే అసలు పరీక్ష

2028 జనవరి 1 నాటికి వీలైనంత మేరకు వడ్డీని రూపుమాపాలని పాకిస్తాన్ 2024 అక్టోబరు నాటి 26వ సవరణతో తన రాజ్యాంగంలోనే రాసుకుంది. ఆ దేశానికి ఇది పాత పాటే. వడ్డీకి సంబంధించిన చట్టాలు ఇస్లాంకు విరుద్ధమని ఫెడరల్ షరియత్ కోర్టు 1991లోనే తేల్చింది. అప్పీళ్లు, పునర్విచారణల మధ్య ముప్పయ్యేళ్లు గడిచాక 2022లో అదే కోర్టు మళ్లీ ఆ మాటే చెప్పింది. ఈసారైనా గడువు నిలుస్తుందా అన్నది అలా ఉంచుదాం. బ్యాంకు కాగితాల్లోంచి వడ్డీ అన్న మాట కొట్టేయడానికి పెద్ద కష్టం లేదు. బాకీదారు వాయిదా కట్టలేకపోయిన రోజున ఆ కాగితం అతన్ని ఏం చేస్తుందన్నదే చూడాలి.

ఇస్లామిక్ బ్యాంకుల్లో బాగా నడిచే ఒప్పందం మురాబహా. ఎనిమిది లక్షల కారు కావాలని వెళ్తే బ్యాంకు డబ్బివ్వదు. కారును తానే కొని, పది లక్షలకు మనకమ్మి, ఆ పది లక్షలను అరవై వాయిదాల్లో కట్టమంటుంది. పై రెండు లక్షలు వడ్డీ కాదు, వ్యాపారంలో లాభం. ముక్కెక్కడుందంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపినట్టుందని ఎవరైనా నవ్వితే తప్పు పట్టలేం. పైగా ఆ లాభాన్ని లెక్కగట్టేది బజారులో నడుస్తున్న వడ్డీ రేటును చూసే. తవర్రుఖ్ సంగతి మరీ విడ్డూరం. నగదు కావాల్సిన మనిషికి బ్యాంకు లోహం అరువుకి అమ్ముతుంది, అతని తరఫున తానే దాన్ని అప్పటికప్పుడు వేరొకరికి అమ్మి డబ్బు చేతిలో పెడుతుంది. గోదాములోని లోహం అంగుళం కదలదు. ఇలా బ్యాంకే అంతా నడిపించే తవర్రుఖ్ చెల్లదని ఇస్లామిక్ దేశాల ఫిఖ్ (మత న్యాయశాస్త్ర) అకాడమీ 2009లో షార్జాలో తీర్మానించింది. అయినా మలేసియాలో, గల్ఫ్‌లో అది నడుస్తూనే ఉంది.

అయితే ఇలా ఎగతాళి చేసేవాళ్లు సంతకం పెట్టిన రోజు దగ్గరే ఆగిపోతున్నారు. ఇస్లాంకు ముందు అరేబియాలో గడువు రాగానే అప్పిచ్చినవాడు అడిగేది ఒకటే: కడతావా, పెంచమంటావా? వడ్డీ మీద ఖురాన్ నిషేధం ప్రధానంగా తగిలేది ఈ పెంపుకే. ఇబ్బందుల్లో ఉన్నవాడికి గడువివ్వమనీ అది చెబుతుంది. మురాబహాలో ధర ఒకసారి కుదిరాక పది లక్షలు పది లక్షలే. ఆలస్యానికి జరిమానా పడినా అది దానధర్మాలకు పోవాలి తప్ప బ్యాంకు లాభంలో కలవకూడదు. దీని విలువ తెలుగువాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. మూడేళ్లకోసారి వడ్డీని అసల్లో కలిపి ప్రామిసరీ నోటు తిరగరాయించుకోవడం మన పల్లెలకు తెలిసిందే. ఒకేసారి వసూలుచేసే వడ్డీ అసలును మించరాదని ధర్మశాస్త్రాలూ అన్నాయి. 1938 మద్రాసు రైతు రుణ విమోచన చట్టం, అసలుకు రెట్టింపు కట్టేసిన రైతు పాత బాకీ తీరిపోయినట్టేనంది. 2010లో సూక్ష్మరుణ సంస్థల మీద ఆంధ్రప్రదేశ్ తెచ్చిన ఆర్డినెన్సు కూడా వడ్డీ అసలు దాటరాదంది. దారులు వేరైనా అన్నీ అడ్డుకున్నది ఒకదాన్నే, ఆగకుండా పెరిగే బాకీని.

కానీ పెరగని ధర కూడా మెడకు చుట్టుకోగలదు. మలేసియాలో ఒక ఉద్యోగికి బ్యాంకు దాదాపు 3.94 లక్షల రింగిట్ల ఇంటి రుణాన్ని అమ్మకం రూపంలో ఇచ్చింది. చాలా ఏళ్ల వాయిదాల మీద అమ్మకం ధర 9.92 లక్షలు. అతను సుమారు 33 వేలు కట్టి ఆగిపోయాడు. ఒప్పుకున్న ధర కదా అని బ్యాంకు మిగతా 9.59 లక్షలూ అడిగింది. రాబోయే ఏళ్ల లాభం కూడా అందులోనే ఉంది. మామూలు వడ్డీ రుణమైతే ఇంత అడిగే వీలే లేదు! గడవని కాలానికి లాభం చెల్లదని హైకోర్టు 2006లో తీర్పిచ్చింది. ముందే తీర్చేస్తే రాయితీ ఇవ్వడాన్ని ఆ దేశ కేంద్ర బ్యాంకు తర్వాత తప్పనిసరి చేసింది. నిషేధం అక్షరానికి కట్టుబడి బాకీదారును ముంచవచ్చని ఆ కేసులో తేలింది.

జరిమానా బ్యాంకుకు దక్కకపోతే ఎగవేతలు పెరగవా? తనఖా ఉంది, కోర్టు ఉంది. కలిగి ఉండి ఎగ్గొట్టేవాడికి ఖురాన్ మినహాయింపేమీ ఇవ్వలేదు. డబ్బుకు కాలాన్ని బట్టి విలువ ఉండదా అంటే ఉంటుంది, మురాబహా ధరలో అది ముందే కలిసిపోయింది. ఆలస్యాల నష్టాన్నీ బ్యాంకు ఆ ధరలోనే వేసుకుంటుంది కనుక సక్రమంగా కట్టేవాళ్ల మీద కొంత భారం పడుతుంది. నిజమే. ఎదురుదెబ్బ తిన్నవాడి బాకీ చక్రవడ్డీతో ఉబ్బడం కన్నా ఆ కాస్త భారం మేలని నా లెక్క. మళ్లీ పాకిస్తాన్ దగ్గరికొస్తే, అక్కడ అందరికన్నా పెద్ద బాకీదారు ప్రభుత్వమే. లాహోర్-ఇస్లామాబాద్ మోటార్‌వేను పూచీగా చూపి సుకూక్ అనే ఇస్లామిక్ బాండ్లు అమ్మడం దానికి అలవాటైన విద్య. ఆ మోటార్‌వేను ఎవరూ జప్తు చేసుకుపోరు. ఇల్లు కొన్న చిరుద్యోగికి ఆ ధీమా లేదు. 2028లో అతను సంతకం పెట్టే కాగితంలో రాయితీ ఇంతని, జరిమానా ఫలానా చోటికి పోతుందని రెండు వాక్యాలు లేకపోతే అతని వరకు మారింది ఫారం ఒక్కటే.