దసరా దీపమును వెలిగించు చేయి

నవరాత్రుల తొలినాడు చాముండి కొండపై ఒక దీపము వెలుగుటకు ముందు ఆ వివాదము సర్వోన్నత న్యాయస్థానము వరకు పోవునని మైసూరు ప్రజలు ఎన్నడును అనుకొనియుండరు. 2025వ సంవత్సరమున అది జరిగినది. ఆ యేటి దసరా ఉత్సవమును ప్రారంభించుటకు కన్నడ కథారచయిత్రి బాను ముష్తాక్‌ను కర్ణాటక ప్రభుత్వము ఆహ్వానించెను. ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ఆగస్టు నెలలో ఆ సంగతి ప్రకటించిన నాటి నుండి సెప్టెంబరు 22వ తేదీ వరకు, అనగా ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి వరకు, కన్నడ దేశమున వేరు మాట వినరాలేదనినను తప్పులేదు.

ఆమె హాసన నగరవాసిని, వృత్తిచే న్యాయవాది. కన్నడమున బండాయ సాహిత్యమనబడు తిరుగుబాటు ఉద్యమముతో పెరిగిన కలము ఆమెది. ముస్లిము కుటుంబములలోని స్త్రీల బ్రతుకును దాపరికము లేక వ్రాసి, తన సమాజము వారి ఆగ్రహమునకే తొలుత గురియైన రచయిత్రి. ఆమె కథలలో పండ్రెండింటిని దీపా భాస్తి ఆంగ్లీకరింపగా, ఆ సంపుటమునకు 2025 మే నెలలో అంతర్జాతీయ బుకర్ బహుమానము లభించినది. ఒక కన్నడ కృతికి ఆ బహుమానము వచ్చుట అదియే ప్రథమము. కథాసంపుటమునకు వచ్చుటయు ప్రథమమే. ఆ గ్రంథము పేరు 'ఎదెయ హణతె'. హణతె యనగా ప్రమిద. గుండెలోని దీపమును గూర్చి వ్రాసిన చేయి కొండమీది దీపమును వెలిగించుటలో కొందరికి అభ్యంతరము కలిగెను.

ఆ అభ్యంతరమును తేలికగా త్రోసివేయుట న్యాయము కాదు. దానిలో రెండు పాయలు గలవు. కన్నడ భాషను భువనేశ్వరీదేవిగా భావించి పూజించుటను గూర్చి, పసుపు కుంకుమల వన్నెల పతాకమును గూర్చి 2023లో ఒక సాహిత్య సభయందు ఆమె పలికిన పలుకులు తమ మనస్సును నొప్పించినవని కొందరనిరి. తన ఉపన్యాసమును ముక్కలు చేసి ప్రచారము చేసిరని ఆమె సమాధానము. రెండవది మౌలికమైనది. చాముండేశ్వరి సన్నిధిని దీపము వెలిగించి పుష్పార్చన చేయుట పూజాంగము కాదా, దేవియందు విశ్వాసము లేనివారు దానిని చేయవచ్చునా అని వారి ప్రశ్న. కర్ణాటక ఉన్నత న్యాయస్థానము సెప్టెంబరు 15న ఆ వ్యాజ్యములను కొట్టివేసెను. 19వ తేదీన సర్వోన్నత న్యాయస్థానమును అదే పని చేసెను. ఇది రాష్ట్ర ప్రభుత్వము జరుపు కార్యక్రమము గదా, ప్రభుత్వము మతమును బట్టి మనుష్యులను వేరు చేయగలదా, రాజ్యాంగ పీఠికను చదివితిరా అని న్యాయమూర్తులు ప్రశ్నించిరి. మూడు దినముల తరువాత ఆమె కొండకు వచ్చి దీపము వెలిగించినది. దేవిపై పూలు చల్లినది. ఉత్సవము పదునొకండు దినములు జరిగినది.

న్యాయస్థానములు వ్యాజ్యమును తీర్చినవి. కాని ఉత్సవమునకు పెద్ద ఎవరు, ఆ పెద్దరికమును ఏటేట ఒకరికి పంచి ఇచ్చు అధికారము ఎవరిది అను ప్రశ్న తీరలేదు. అది నిన్న మొన్న పుట్టిన ప్రశ్నయు కాదు. దానికి మూలము మైసూరులో లేదు, హంపిలో ఉన్నది.

విజయనగరమున మహానవమి కేవలము అమ్మవారి పండుగ కాదు. పారసీక రాయబారి అబ్దుర్ రజాకు 1443లో చూచి వ్రాసినను, పోర్చుగీసు వర్తకుడు పాయస్ కృష్ణదేవరాయల కాలమున చూచి వ్రాసినను, ఇరువురి కన్నులకు కట్టినది ఒకటే: రాజ్యము నలుమూలల నుండి నాయకులు, దండనాథులు తమ ఏనుగులతో బలగములతో వచ్చి ఆ ఎత్తైన దిబ్బ యెదుట నిలుచుట. నాయకులు చెల్లింపవలసిన కప్పము సైతము ఆ తొమ్మిది దినములలోనే చెల్లుచుండెడిదని నూనిజ్ వ్రాసెను. రాజు వారిని సన్మానించును. వారు రాజుకు కానుకలు సమర్పింతురు. ఎవరికి ఎంత దగ్గరగా ఆసనము లభించినదో దానిని బట్టి ఆ యేడు ఎవరి పలుకుబడి ఎంతయో సభ గ్రహించును. అనగా ప్రాంతీయ నాయకులను ఏటేట గౌరవించు సభ పండుగ నడిబొడ్డున నాడే యున్నది. గౌరవమును ఇచ్చువాడు రాజు, పుచ్చుకొనువాడు విధేయుడు. ఆ లెక్కలో సందేహమునకు తావు లేదు.

1565 నాటి యుద్ధముతో హంపి పాడువడినను ఆ పద్ధతి చావలేదు. 1610లో శ్రీరంగపట్టణమును విజయనగర ప్రతినిధి చేతినుండి గైకొనిన రాజ ఒడయరు అక్కడనే నవరాత్రి ఉత్సవమును ఆరంభించెను. తానిక సామంతుడు కాదని లోకమునకు చాటుటకు శాసనము కంటె పండుగయే మేలని ఆయన యెంచెను కాబోలు. పిమ్మట మూడవ కృష్ణరాజ ఒడయరు కాలమున, 1805 నుండి, మైసూరులో దసరా దర్బారు నెలకొన్నది. రాజు ఏనుగుపై బంగారు అంబారీలో కూర్చుండి బన్నిమంటపమునకు పోవుట ప్రజలకు దర్శనోత్సవమైనది. బన్ని యనగా మన జమ్మి. పాండవులు ఆయుధములు దాచిన చెట్టు క్రిందికే ఆ రాజును పోయెను. తెలుగునాట పల్లెపల్లెను దశమినాటి సాయంకాలము జనులు పోవుచున్నదియు ఆ చెట్టు వద్దకే.

స్వాతంత్ర్యానంతరము రాజ్యము పోయినది. జయచామరాజ ఒడయరు మైసూరు రాష్ట్రమునకు, తరువాత మదరాసుకు గవర్నరుగా పనిచేసెను. 1971లో రాజభరణములు రద్దయిన పిమ్మట ప్రభుత్వము ఆ పండుగను 'నాడహబ్బ' యని, అనగా దేశపు పండుగ యని, తన చేతిలోనికి తీసికొనెను. నాటి నుండి అంబారీలో రాజు లేడు, చాముండేశ్వరి విగ్రహమున్నది. ఏడువందల ఏబది కిలోల బరువు గల ఆ అంబారీని మోయు ఏనుగు పేరు మైసూరు పిల్లలందరికి కంఠోపాఠము. దేవికి పూలు చల్లి ఊరేగింపును సాగనంపువాడు ముఖ్యమంత్రి. రాజవంశీయులు మాత్రము తమ ప్రాసాదములో సింహాసనమెక్కి ప్రత్యేక దర్బారును నేటికిని జరుపుచున్నారు. ఆ సింహాసనమెక్కు యదువీర ఒడయరు 2024లో లోక్‌సభకు ఎన్నికైనాడు. ప్రజల ఓట్లతో గెలిచిన రాజు లోపల, ప్రజల ఓట్లతో గెలిచిన మంత్రి వెలుపల. ఒకే ఊరిలో రెండు దసరాలు!

రాజు పీఠము ఖాళీయైనచోట, పండుగను తెరచు గౌరవమును ఏటేట ఒక ప్రముఖునకు ఇచ్చు ఆచారము వచ్చి చేరినది. ఈ ఆచారములోని సొంపును ముందుగా ఒప్పుకొనవలెను. 2014లో నాటకకర్త గిరీశ్ కర్నాడు, 2016లో కవి చెన్నవీర కణవి, 2017లో కవి నిసార్ అహమదు, 2018లో సుధామూర్తి, 2019లో నవలాకారుడు ఎస్.ఎల్. భైరప్ప, 2023లో చలనచిత్ర సంగీతకర్త హంసలేఖ, 2024లో పండితుడు హంపా నాగరాజయ్య ఆ దీపమును వెలిగించిరి. అనావృష్టి, రైతుల ఆత్మహత్యలు కన్నడ దేశమును క్రుంగదీసిన 2015లో ఉత్సవమును నిరాడంబరముగా జరిపి ఒక రైతుచే ప్రారంభింపజేసిరి. కరోనా మహమ్మారి ప్రబలిన 2020లో హృద్రోగ వైద్యుడు డాక్టరు మంజునాథకు ఆ గౌరవము దక్కెను. ఆ యేడు ఊరేగింపు కోట గోడలు దాటలేదు. 2021లో మాజీ ముఖ్యమంత్రి ఎస్.ఎం. కృష్ణ, 2022లో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము వచ్చిరి. ఇది గాక ప్రతి దసరాకు ఒక విద్వాంసునికి రాష్ట్ర సంగీత విద్వాన్ పురస్కారమును ప్రదానము చేయుదురు.

ఈ పట్టికను నిదానముగా చదువవలెను. కర్నాడు, భైరప్ప బహిరంగముగా వాదులాడుకొనినవారు. టిప్పు సుల్తానును గూర్చి 2006లో వారిరువురి మధ్య పత్రికలలో జరిగిన వాగ్యుద్ధము కన్నడ పాఠకులకు సుపరిచితము. ఒకడు అవునన్నది మరియొకడు కాదనెను. అయినను అయిదేండ్ల వ్యవధిలో ఆ యిరువురిని ఒకే కొండమీద, ఒకే దేవి యెదుట, ఒకే దీపము చెంతకు పిలిచిన పండుగ ఇది. కర్నాడును పిలిచినది ఒక పక్షపు ప్రభుత్వము, భైరప్పను పిలిచినది ఇంకొక పక్షపు ప్రభుత్వము అన్నమాట నిజమే. కాని పక్షములు మారినను పండుగ మారలేదు. నిసార్ అహమదు 2017లో దీపము వెలిగించిననాడు న్యాయస్థానముల తలుపు తట్టవలసినంత కలవరము పుట్టలేదు. 2025లో పుట్టినది. ఎనిమిదేండ్లలో మారినది శాస్త్రము కాదు, ఆచారము కాదు, మారినది గాలి. ఒడయర్ల కొలువులో 1926 నుండి 1941 వరకు దివానుగిరి నెరపిన సర్ మీర్జా ఇస్మాయిలు దసరా దర్బారునకు పరాయివాడు కాడను సంగతిని మరచినవారు సంప్రదాయమును గూర్చి మాటలాడుట వింతయే.

పూజాంగమను వాదములో కొంత బలము లేకపోలేదు. ప్రభుత్వము స్వయముగా దేవస్థానము ముందర, లగ్నము చూచి, మంత్రఘోష నడుమ దీపము పెట్టించుచు, ఇది కేవలము లౌకిక కార్యమనుట సగము మాటయే. ఆ కలయికయే నాడహబ్బ స్వరూపము. అయితే గర్భాలయములోని అర్చన అర్చకులది. దాని జోలికి అతిథి పోడు. వెలుపలి వేదికపై పూలు చల్లువాడు అక్కడ భక్తుడుగా గాక ఆ నేల ప్రతినిధిగా నిలుచుచున్నాడు. భైరప్పను పిలిచినపుడు ఆయన భక్తిని ఎవరు తూచిరి? హంపనా జైన సాహిత్య పండితుడు, జైనుడు. ఆయనకు లేని అడ్డు ఆమెకు ఎందుకు? ఈ ప్రశ్నకు ఆక్షేపకుల నుండి సూటియైన జవాబు రాలేదు.

అయినను తప్పంతయు ఆక్షేపకులదే యనుట సరికాదు. దసరా నిర్వహణకు మైసూరు జిల్లా మంత్రి యధ్యక్షతన సంఘములు గలవు. ఉన్నతస్థాయి సంఘమునకు ముఖ్యమంత్రియే అధ్యక్షుడు. ఆ సంఘము కూడి, ప్రారంభకుని నిర్ణయించు భారమును ముఖ్యమంత్రికే విడిచిపెట్టుట పరిపాటి. పేరు వెలువడును; కారణము వెలువడదు. ఎవరెవరి పేర్లు ఆలోచనకు వచ్చినవి, ఏ కొలతతో ఎంచిరి అన్నది ప్రజలకు తెలియదు. పాఠశాల వార్షికోత్సవమునకు ముఖ్య అతిథిని ఎంచునపుడు ఉపాధ్యాయుల గదిలో జరుగు తర్జనభర్జనయైనను ఇంతకంటె బాహాటముగా సాగును! ఒక్క చేతితో ఇచ్చిన గౌరవము ఆ చేతి రంగును పులుముకొనును. ఇచ్చినవానిపై పడవలసిన రాయి పుచ్చుకొనినవారిపై పడును. బాను ముష్తాక్ విషయమున జరిగినది ఇదియే. ఆమె ఆ గౌరవమును అడుగలేదు, పిలువగా వచ్చినది. ఆ మాత్రమునకు ఆమె విశ్వాసమును, భాషాభిమానమును నెల దినములు ఊరూరను పరీక్షకు పెట్టిరి. నిర్ణయమును పండితులు, కళాకారులు, వివిధ పక్షములవారు గల ఒక చిన్న సంఘమునకు అప్పగించి, కారణములను ప్రకటించినచో వివాదము సమసిపోవునని కాదు. కాని అతిథికి ఆ మాత్రము గొడుగైనను దొరకును.

ఈ చిక్కు మైసూరునకే పరిమితము కాదు. 1893లో పూనాలో బాలగంగాధర తిలకు ఇండ్లలోని వినాయకుని వీధిలోనికి తెచ్చి సార్వజనికోత్సవముగా పెంచెను. ఆయన పేర ఒక ధర్మసంస్థ 1983 నుండి ఆయన వర్ధంతి దినమైన ఆగస్టు 1న దేశనాయకులకు పురస్కారమొసగుచున్నది. 2023లో ప్రధాని నరేంద్ర మోదీకి ఆ పురస్కారమిచ్చిన సభలో ప్రతిపక్ష నాయకుడు శరద్ పవారు వేదికపై ఆసీనుడైనందుకు ఆయన మిత్రపక్షములే నొచ్చుకొన్నవి. అక్కడ ఇచ్చినది ప్రభుత్వము కాదు, సంస్థ. ఐనను పుచ్చుకొనినవానికంటె ప్రక్కన కూర్చున్నవానికే ఎక్కువ సంజాయిషీ చెప్పుకొనవలసివచ్చెను.

తెలుగునాట దసరాకు విజయవాడ కనకదుర్గమ్మకు మూలానక్షత్రము నాడు ముఖ్యమంత్రి పట్టువస్త్రములు సమర్పించుట ఆనవాయితీ. హైదరాబాదులో దశమి మరునాడు 'అలాయ్ బలాయ్' జరుగును. జమ్మి ఆకు చేతిలో పెట్టి కౌగిలించుకొను తెలంగాణపు మర్యాదను బండారు దత్తాత్రేయ 2005లో సభగా మార్చి, అన్ని పక్షముల నాయకులను ఒక వేదికపైకి పిలిచి, పలు రంగముల ప్రముఖులను సత్కరించు వాడుక నెలకొల్పెను. ఇపుడా నిర్వహణ ఆయన కుమార్తె విజయలక్ష్మి చేతికి వచ్చినది. ఒక పక్షమునకు చెందినవాడు పిలిచినను ఇతర పక్షములవారు వచ్చుట ఆ సభ సాధించిన మేలు. అయితే ఈ రెండు చోట్లను ముందు వరుస రాజకీయ నాయకులది, తారలది. పండుగను తెరచుటకు ఒక కవినో కథకురాలినో పిలువవలెనని మన ప్రభుత్వములకు తోచినట్లు లేదు. కన్నడిగులు రచయితను గూర్చి కోర్టుకెక్కిరని నవ్వుకొనుటకు ముందు, మనము కోర్టుకెక్కుటకైనను ఒక రచయితను ఆ మెట్టుపై నిలిపితిమా యని తలచుకొనవచ్చును.

ఆ 2025 ఉత్సవములోనే, మూడవనాడు, సెప్టెంబరు 24న భైరప్ప కాలధర్మము చెందెను. ఆరేండ్ల క్రిందట అదే కొండపై దీపము వెలిగించిన వృద్ధుడు. మైసూరునే తన ఊరుగా చేసికొనిన రచయిత. ఆయన భావములతో ఏ పాటి పొత్తును లేని ప్రభుత్వము ఆయనకు అధికార లాంఛనములతో మైసూరులో అంత్యక్రియలు జరిపించినది. ఆ సాయంకాలములందు ఊరి వీధులలో దసరా దీపతోరణములు ఎప్పటివలెనే వెలిగినవి.