నిలబడితే దగ్గే కారు

పిల్లలూ! పోయిన నెల ఈ పేజీలో కుట్టుమిషను సంగతి చెప్పుకున్నాం. ఈ నెల ఒక ముసలి కారు సంగతి చెబుతాను.

మా వీధిలో ఒక మాస్టారున్నారు. ఆయనకు పాత అంబాసిడరు కారు ఉన్నది. ఈ రకం కార్లు పశ్చిమ బెంగాలులోని ఉత్తర్‌పారాలో తయారయేవి. 2014లో వాటి తయారీ ఆగిపోయింది. మాస్టారు ఉద్యోగంలో ఉండగా ఆ కారు కొన్నారు. ఆయన కూతుళ్ళిద్దరూ పెళ్ళి అయాక అత్తవారిళ్ళకు అందులోనే వెళ్ళారు.

కొంతకాలంగా ఆ కారుకు ఒక జబ్బు పట్టుకున్నది. రోడ్డు మీద పరిగెత్తేటప్పుడు ఏ లోపమూ కనిపించదు. రైలుగేటు దగ్గర ఆగిందంటే మాత్రం దగ్గుతుంది, వణుకుతుంది, ఒక్కొక్కసారి పూర్తిగా ఆగిపోతుంది. గేటు తెరిచేసరికి వెనకనున్న లారీలన్నీ ఒక్కసారిగా హారన్లు మోగిస్తాయి.

ఒక షెడ్డులో చూపిస్తే, "ఇంజను బోరుకొచ్చింది. అంతా విప్పాలి," అన్నారు. అందుకయే ఖర్చు విని మాస్టారి గుండె గుభేలుమన్నది. "ఎందుకు నాన్నా, అమ్మేద్దాం," అని కొడుకు ఫోను చేశాడు. పాత ఇనపసామాను కొనే వ్యాపారి ఆదివారం వస్తానన్నాడు.

శనివారం పొద్దున మాస్టారి మనవడు నా దగ్గిరికి వచ్చాడు. వాడు ఏడో తరగతి చదువుతున్నాడు. "మామయ్యా, ఇంజను పాడైపోతే పరిగెత్తేటప్పుడు కూడా పాడుగానే ఉండాలి గదా! నిలబడినప్పుడే ఎందుకు దగ్గుతుంది?" అని అడిగాడు.

నాకు ఆ ప్రశ్న చాలా బాగున్నదనిపించింది. నాకు తెలిసిన ఒక ముసలి మేస్త్రీని వెంటబెట్టుకుని మాస్టారింటికి వెళ్ళాను.

మేస్త్రీ ముందుగా కారును షెడ్డులోనుంచి బయటికి తోయించాడు. ఎందుకో తెలుసా? ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. మూసిన గదిలో ఇంజను నడిపితే మనుషులు తెలియకుండానే స్పృహ తప్పుతారు, ప్రాణాలు కూడా పోతాయి.

తరవాత ఇంజను నడిపించి, అది బాగా వేడెక్కేదాకా అతను ఏమీ ముట్టుకోలేదు. "చల్లటి ఇంజను నిజం చెప్పదు, బాబూ," అన్నాడు. మనవడు ఒక గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి కారు టాపు మీద పెట్టాడు. వణుకుకు నీళ్ళు అన్ని పక్కలకూ ఒలికిపోయాయి.

మేస్త్రీ ఇంజను ఆపి నాలుగు ప్లగ్గులూ విప్పాడు. ఒక్కొక్క సిలిండరుకు ఒక్కొక్క ప్లగ్గు; పెట్రోలు ఆవిరీ గాలీ కలిసిన మిశ్రమాన్ని నిప్పురవ్వతో అంటించేది ఇదే. వైద్యుడు నాలుక చూసినట్టు మేస్త్రీ ప్లగ్గుల మొనలు చూశాడు. మొన గోధుమ రంగుగా ఉంటే ఆరోగ్యం. నల్లగా మసిపట్టి ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు. తెల్లబారితే గాలి ఎక్కువైనట్టు. నూనెతో తడిసి ఉంటే సిలిండరు అరిగి, అడుగునున్న నూనె పైకి వస్తున్నదేమో అని అనుమానించాలి.

నాలుగు మొనలూ తెల్లబారి ఉన్నాయి. ఎక్కడా నూనె తడి లేదు.

"బోరు బాగానే ఉన్నట్టున్నది మాస్టారూ! పొగలో నీలిరంగు కూడా లేదు. ఇది ఎక్కడో దొంగగాలి పీలుస్తున్నది," అన్నాడు మేస్త్రీ.

దొంగగాలి అంటే ఏమిటో తెలియాలంటే ఇంజను ఎలా ఊపిరి పీలుస్తుందో తెలియాలి. 1876లో జర్మనీ దేశస్థుడు నికొలాస్ ఆటో నాలుగు అంచెలలో పనిచేసే ఇంజను తయారుచేశాడు. మొదటి అంచెలో పిస్టను కిందికి దిగి మిశ్రమాన్ని పీలుస్తుంది, రెండో అంచెలో దాన్ని నొక్కుతుంది, మూడో అంచెలో అది మండి పిస్టనును తోస్తుంది, నాలుగో అంచెలో పొగ బయటికి పోతుంది. ఈ అంబాసిడరు పెట్రోలు ఇంజనులోనూ జరిగేది అదే. కారు నిలబడి ఉన్నప్పుడు ఇంజను నిమిషానికి సుమారు 800 చుట్లు తిరుగుతుందనుకోండి. రెండు చుట్లకు ఒకసారి చొప్పున, నాలుగు సిలిండర్లలోనూ కలిపి నిమిషానికి 1600 మంటలు! అన్నీ సమంగా మండితే మనకు ఒకే హోరు వినిపిస్తుంది. కొన్ని తప్పితే అదే దగ్గు.

ఒక గ్రాము పెట్రోలు సరిగా మండాలంటే దాదాపు 15 గ్రాముల గాలి కావాలి. పాత కార్లలో ఈ పాళ్ళు కలిపేది కార్బురేటరు. అందులో ఒక చిన్న తలుపు ఉంటుంది. డ్రైవరు యాక్సిలరేటరు తొక్కితే అది తెరుచుకుంటుంది, కాలు తీస్తే దాదాపు మూసుకుపోతుంది. అప్పుడు ఇంజను సన్నటి సందులోనుంచే ఊపిరి పీల్చాలి. దానితో తలుపు లోపలి గాలి ఒత్తిడి బయటి ఒత్తిడిలో సగానికన్న తక్కువకు పడిపోతుంది. లోపల ఎక్కడ చిల్లు ఉన్నా బయటిగాలి అందులోనుంచి జొరబడుతుంది. ఆ గాలి కార్బురేటరు గుండా రాలేదు గనక దానిలో పెట్రోలు ఉండదు. అదే దొంగగాలి!

కొబ్బరిబోండం తాగేటప్పుడు మీరే చూడవచ్చు. స్ట్రాకు పైభాగాన సూదితో చిన్న బెజ్జం చేసి పీల్చండి. నీళ్ళతోపాటు గాలి కూడా వచ్చి గుటక సరిగా పడదు. బెజ్జాన్ని వేలితో మూస్తే మళ్ళీ నీళ్ళు ధారాళంగా వస్తాయి.

ఇక మనవడి ప్రశ్న. గ్లాసుడు పాలలో గరిటెడు నీళ్ళు పోస్తే పాలు పల్చబడతాయి. బిందెడు పాలలో అదే గరిటెడు పోస్తే ఎవరికీ తెలియదు. కారు పరిగెత్తేటప్పుడు ఇంజను బిందెలకొద్దీ పీలుస్తుంది. దొంగగాలి లెక్కలోకి రాదు. నిలబడ్డప్పుడు పీల్చేది గ్లాసుడే! అందుకే అప్పుడు దగ్గు.

మేస్త్రీ ప్లగ్గులు బిగించి మళ్ళీ ఇంజను నడిపించాడు. ఒక చుక్కలమందు సీసాలో మంచినీళ్ళు పట్టి, ప్లగ్గుల తీగల మీద పడకుండా, ఒక్కొక్క అతుకు మీదా రెండు చుక్కలు వేస్తూ వచ్చాడు. కార్బురేటరును ఇంజను గొట్టానికి బిగించిన చోట చుక్కలు పడగానే ఇంజను దగ్గు మాని నాలుగు క్షణాలు హాయిగా తిరిగింది. నీళ్ళు లోపలికి పీల్చుకుపోగానే మళ్ళీ దగ్గింది.

"దొరికాడు దొంగ!" అని మనవడు ఎగిరి గంతేశాడు.

రెంటి మధ్యా ఉండే ప్యాకింగు ఏళ్ళ తరబడి వేడికి ఎండి, ఒక అంచున చిట్లిపోయింది. చల్లారాక మేస్త్రీ పాతది గీకి శుభ్రంచేసి, కొత్త ప్యాకింగు వేసి, నట్లను ఒకటి మార్చి ఒకటి కొంచెం కొంచెంగా బిగించాడు. ఒక పక్కే బలంగా బిగిస్తే అతుకు వంకరపోయి మళ్ళీ గాలి దూరుతుంది.

అప్పుడతను ఒక చిన్న స్క్రూ చూపించి, "మాస్టారూ, ఇదెవరు ఇంతగా తిప్పారు?" అని అడిగాడు.

మాస్టారు సిగ్గుపడుతూ, "నేనేనోయ్! గేటు దగ్గర ఆగిపోకుండా ఉంటుందని నెలనెలా కాస్త తిప్పుతూ వచ్చాను," అన్నారు.

"జ్వరం తగ్గాలని థర్మామీటరు విదిలించినట్టున్నది!" అని మేస్త్రీ నవ్వి, స్క్రూను దాని చోటికి తెచ్చాడు. మాస్టారు కూడా నవ్వారు.

మర్నాడు వ్యాపారి వచ్చేసరికి కారు వాకిట్లో ఉన్నది. టాపు మీద నిండు గ్లాసు ఉన్నది. "ఇంజను స్టార్టు చెయ్యండి, విందాం," అన్నాడు వ్యాపారి.

"నడుస్తూనే ఉన్నదండీ!" అన్నాడు మనవడు.

గ్లాసులో సన్నటి అలలు తప్ప ఒక్క చుక్కయినా ఒలకలేదు. మాస్టారు ఆ గ్లాసు తీసి వ్యాపారి చేతికిచ్చి, "ఎండన పడి వచ్చావు, దాహం పుచ్చుకో నాయనా. కారు అమ్మటం లేదు," అన్నారు.

మీ ఇంట్లో కొత్త కారు ఉంటే అందులో కార్బురేటరు కనిపించదు. పెట్రోలును కొలిచి చిమ్మే పని ఒక చిన్న కంప్యూటరు చూసుకుంటుంది. కాని ఇంజను పీల్చేది ఈ గాలినే గనక దొంగగాలి బెడద దానికీ ఉన్నది. మీరు మాత్రం నడుస్తున్న ఇంజను దగ్గిర చేతులు పెట్టకండి. ఫాను, బెల్టు, ప్లగ్గుల తీగలు చాలా ప్రమాదం. దూరంగా నిలబడి చెవులతో వినండి. ఎప్పుడు దగ్గుతుంది, ఎప్పుడు దగ్గదు అన్నది గమనించి పెద్దవాళ్ళకు చెప్పండి. మాస్టారి కారును మనవడు కాపాడింది అలాగే.